హదస్సా మూడో మాట

హదస్సా ప్రార్థన మొదలుపెడితే కార్ఖానా సందులో కుక్కలు కూడా మొరగడం ఆపేస్తాయని కింది పోర్షన్లో ఉండే ఇంటి ఓనరు బుచ్చమ్మ అంటుంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో బుచ్చమ్మకే తెలియాలి. మొత్తానికి ఆ గొంతు అలాంటిది. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి టీచరు. కరెంటు పోయిన రోజున మైకు లేకుండానే అసెంబ్లీ నడిపించేస్తుంది. ఇక చర్చిలో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎవరికి ఏ కష్టం వచ్చినా "హదస్సమ్మ చేత ఒక ప్రార్థన చేయించండి" అంటారు. ఆపరేషన్లకు ముందు, ఇంటర్వ్యూలకు ముందు పిలుస్తారు. కాప్రాలో ఒకాయన బోరు వేయించబోతూ కూడా ఆటోలో వచ్చి తీసుకెళ్లాడు. నీళ్లు పడ్డాయి. ఆ తర్వాత ఆమెను పట్టుకోగలిగిన వాళ్లెవరు?

ఆమె భర్త జకర్యా రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తాడు. మాట్లాడడు. ఇంటికి రావలసిన మాటలన్నీ ఆమే వాడేసుకుంటుంది కాబట్టి తన వంతుకు ఏమీ మిగల్లేదని చర్చి పాస్టరు అయ్యగారి ముందే ఒకసారి అన్నాడట. ఆ ఏడాదికి ఆయన మాట్లాడింది అంతే.

హదస్సాకు ఒకటే లోపం. నోట్లో నువ్వు గింజ నానదు. అలాగని చెడ్డ మనిషి కాదు. చాడీలు చెప్పేవాళ్లంటే ఆమెకు మంట. ఎవరైనా ఎవరి గురించైనా మొదలుపెడితే "పాపమండీ, అలా అనకూడదు" అని ముఖమ్మీదే అనేస్తుంది. కానీ ప్రార్థన విన్నపం వేరు కదా! శనివారం సాయంత్రం స్త్రీల కూటంలో పాటలయ్యాక, "విన్నపాలేమైనా ఉంటే చెప్పండమ్మా" అంటారు. అప్పుడు "ప్రార్థన కోసమే చెబుతున్నాను, బయటికి పోనివ్వకండి" అని ఒక్క ముక్క ముందు తగిలించి ఎవరి ఇంటి గుట్టయినా చెప్పుకోవచ్చు. అది పాపం లెక్కలోకి రాదు. అలా చెప్పిన మాట రెజిమెంటల్ బజార్ దాటి పోవడానికి ఒక పూట చాలు. మోసినవాళ్లందరూ కూడా ప్రార్థన కోసమే మోస్తారు.

హదస్సాకు ఒక్కతే కూతురు, అక్సా. ఇంటర్ చదువుతోంది. తల్లి గొంతు వారసత్వంగా వచ్చింది గాని, దాన్ని ఎక్కడ తగ్గించాలో కూడా తెలిసిన పిల్ల. క్వయర్‌లో అక్సా పాడుతుంటే ముసలివాళ్లు కళ్లు మూసుకుని వినేవాళ్లు.

ఆ పిల్లకు ఒక ఉదయం పళ్లు తోముకుంటూ ఉండగా ఫిట్స్ వచ్చింది. కొన్నాళ్లకే కాలేజీలో ల్యాబ్‌లో మళ్లీ వచ్చింది. స్కానింగులు తీశారు. డాక్టరు నిదానంగా చెప్పాడు. ఇది ఏ గాలీ ధూళీ కాదు, మెదడులో వచ్చే ఒక ఇబ్బంది, మాత్రలతో అదుపులో ఉంటుంది. నిద్ర తగ్గకూడదు. మాత్ర మానకూడదు. వచ్చే ముందు కడుపులో ఏదో వింతగా అనిపిస్తుంది, అది ఎప్పుడెప్పుడు వచ్చిందో నాకు చెప్పాలి, లేకపోతే మందు ఎంతివ్వాలో నాకు తెలియదు. వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం లాంటివి చెయ్యొద్దు.

తిరిగి వస్తుంటే ఆటోలో అక్సా అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, చర్చిలో ఎవరికీ చెప్పకు. ప్రేయర్‌కి సుత చెప్పకు. ప్రామిస్ చెయ్."

"నాకేం పనే చెప్పడానికి! నా నోటి నుంచి రాదు" అంది హదస్సా. మనస్ఫూర్తిగానే అంది.

మొదటి శనివారం ఆపుకుంది. మరుసటి శనివారం కూటం స్త్రీల సమాజం ప్రెసిడెంటు రోసమ్మగారి ఇంట్లో. పాటల మధ్యలోనే హదస్సా గుండె బరువెక్కింది. కూతురు కింద పడి కొట్టుకోవడం కళ్లారా చూసిన తల్లి. భయం. ఆ భయాన్ని పంచుకోవడానికి ఇంట్లో మొగుడున్నాడు గాని ఆయన మాట్లాడడు. విన్నపాల వేళ ఆమె వంతు రాగానే నోరు దానంతట అదే తెరుచుకుంది. పేరు మాత్రం చెప్పలేదు సుమా! "నాకు తెలిసిన ఒక పాప" అంది. వెక్కి వెక్కి ఏడుస్తూ అంది. అంతగా ఏడుస్తూ 'నాకు తెలిసిన ఒక పాప' అంటే ఆ పాప ఎవరో తెలియనంత అమాయకురాలు ఆ గదిలో ఒక్కతీ లేదు.

మర్నాడు ఆరాధనలో క్వయర్ వెనక వరసలో, ముందు రోజు కూటంలో ఆ విన్నపం విన్న దేవమ్మగారు వచ్చి కూర్చుంది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి. ఒళ్లో బీరువా తాళాలు, ఇంటి తాళాలు, ఇంకా ఏవేవో తాళాలు కలిపిన పెద్ద గుత్తి. అక్సా చేతిలోంచి పాటల పుస్తకం జారింది. తీసుకోవడానికి వంగింది. అంతే, "ప్రభువా!" అని దేవమ్మగారు ముందుకు దూకి ఆ గుత్తి పిల్ల గుప్పిట్లో కుక్కేసింది. పాట ఆగిపోయింది. చర్చి మొత్తం తిరిగి చూసింది. పక్కన నిలబడ్డ అమ్మాయి ఒక అడుగు పక్కకు జరిగింది. అది ఎవరూ గమనించలేదు గాని అక్సా గమనించింది.

"థాంక్స్ ఆంటీ, నాకేం కాలే" అని తాళాలు తిరిగిచ్చి, ఆశీర్వాదం అయ్యేదాకా కూర్చుంది. ఇంటికొచ్చాక తల్లి ముందు నిలబడింది.

"చెప్పినవ్ కదా."

"పేరు చెప్పలేదే! ప్రార్థన కోసమేనే, నిన్ను ప్రేమించే వాళ్లే కదా అందరూ..."

"ప్రేయర్ అంటే దేవుడికి చెప్పాలమ్మా. నువ్వు దేవమ్మ ఆంటీకి చెప్పినవ్."

మూడో తరగతి పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే హదస్సా, కూతురి చూపుకు తనే కుర్చీలో కూర్చుండిపోయింది.

ఆ తర్వాత అక్సా చర్చికి రాలేదు. అది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ, ఇంట్లో కూడా నోరు విప్పడం మానేసింది. "ఎలా ఉంది?" అంటే "బానే ఉన్న." "కడుపులో ఏమైనా అనిపించిందా?" అంటే "బానే ఉన్న అన్న కదా." డాక్టరు అడిగితే కూడా అదే మాట. హదస్సా బాత్రూం గడియ పీకించేసింది. తలుపు బయట నిలబడి చెవి పెట్టి వినేది. పిల్ల బస్సెక్కి కాలేజీకి పోతే తిరిగి వచ్చేదాకా స్కూల్లో పిల్లలకు ఎక్కాలు తప్పు చెప్పేది. అసలు వ్యాధి కంటే ఆ మౌనమే ప్రమాదమని ఆమెకు తెలుసు. ఆ మౌనాన్ని తనే తెచ్చి ఇంట్లో పెట్టిందని కూడా తెలుసు.

అక్సా సాయంత్రాలు కిందికి పోయి బుచ్చమ్మ దగ్గర కూర్చునేది. ఈ సందులో ఎవరింట్లో ఏ కూర వండారో చెప్పగల బుచ్చమ్మ దగ్గర! హదస్సా ఒక రోజు ఉండబట్టలేక దిగి వెళ్లింది. బుచ్చమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"పిన్నీ, అక్సా నీకేమైనా చెబుతోందా?"

"చెప్తది."

"ఏం చెబుతుంది?"

"గది నీకు చెప్ప."

"నేను తల్లిని, పిన్నీ!"

"తల్లివే. గందుకే చెప్తలేను" అని బుచ్చమ్మ ఒక చిక్కుడుకాయ పుచ్చు తీసి పారేసింది. తర్వాత కొంచెం మెత్తబడింది. "మందుగోలి ఏసుకుంటున్నదా లేదా నేను సూస్తనే ఉన్న. పరేషాన్ గాకు. గానీ బిడ్డా, నీది మస్తు పెద్ద నోరు. దేవునితోని మాట్లాడెటప్పుడు జెర మెల్లగ మాట్లాడు. ఆయనకేం చెవుడు లేదు గద."

హదస్సా పైకొచ్చి తలుపేసుకుంది. ఏడుపు వచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయింది.

ఇలా ఉండగా ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమల కాలం వచ్చింది. వాళ్ల చర్చిలో శుభ శుక్రవారం నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. మూడో మాట, అంటే కొడుకు సిలువ మీది నుంచి తల్లిని చూసి శిష్యుడికి ఆమెను అప్పగించిన మాట, ఏటా ఒక తల్లికి ఇస్తారు. పిల్లల్ని భక్తిలో పెంచిందని పేరున్న తల్లికి. ఈ ఏడు జెరెమియా అయ్యగారు హదస్సా పేరు చదివారు.

కూటం అయ్యాక రోసమ్మగారు ఆమెను పక్కకు లాగింది. "మంచి సాక్ష్యం ఉందిగా నీకు. పాపకి మళ్లీ రాలేదంటగా? మన ప్రార్థనలే కదా! ఆ సంగతంతా చెప్పమ్మా. జనం కదిలిపోవాలి."

ఇంట్లో విషయం తెలిసి అక్సా పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. "చెప్పుకో. నేనొద్దంటే మాత్రం ఆగుతవా?" అంది.

హదస్సా అయ్యగారి దగ్గరికి పోయి వద్దని చెప్పేద్దామనుకుంది. ఇరవై ఏళ్లుగా ఎవరు ఏ కూటానికి పిలిచినా కాదనని మనిషి, మొదటిసారి నేను తగనని అనుకుంది. గురువారం సాయంత్రం తెల్ల చీర ఇస్త్రీ చేయబోయి, చెయ్యలేక పక్కన పెట్టి మంచం మీద కూలబడింది.

"నా బిడ్డ కష్టం నాతో చెప్పుకోవడం లేదండీ. నేనేం తల్లినని ఆ మాట చెప్పను? ఇంకెవరికైనా ఇవ్వమంటాను."

జకర్యా లేచి ఇస్త్రీ పెట్టె అందుకుని చీర తను చేయడం మొదలుపెట్టాడు. కొంగు దాకా వచ్చాక అన్నాడు:

"మరియమ్మ కూడా పండక్కి పోయి పిల్లాణ్ని వదిలేసి వచ్చింది కదా. వెంటే ఉన్నాడనుకుని ఒక రోజంతా నడిచింది. ఆవిణ్ణే కదా ఆయన సిలువ మీది నుంచి తలుచుకుంది."

హదస్సా ఆయన వంక చూసింది. ఆ కథ ఆమె సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పిందో! పన్నెండేళ్ల బాలుడు దేవాలయంలో పండితులతో మాట్లాడటం గురించే చెప్పేది. ఆ రోజంతా దారిలో వట్టి చేతులతో నడిచిన తల్లి గురించి ఎప్పుడూ చెప్పలేదు. తోటివాళ్లతో మాటల్లో పడి ఉంటుంది. బిడ్డ పక్కన లేడని సాయంత్రం దాకా తెలియలేదు. అలాంటి తల్లినే దేవుడు ఎంచుకున్నాడు, ఆ తర్వాత మార్చనూ లేదు. హదస్సా మోకాళ్లూనింది. బయటి గదిలో చదువుకుంటున్న అక్సా, ఆ సాయంత్రం ప్రార్థన శబ్దం వినిపించకపోయేసరికి అమ్మకు జ్వరమొచ్చిందేమోనని తొంగి చూసింది. అమ్మ మోకాళ్ల మీద ఉంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం చర్చి కిటకిటలాడింది. అందరూ తెల్లబట్టల్లో, ఉపవాసంతో, ఎండకు వడిలిపోయి ఉన్నారు. ఫ్యాన్లు వేడిగాలి పంచుతున్నాయి. హదస్సా మైకు దగ్గరికి రాగానే జనం సర్దుకుని కూర్చున్నారు. ఇక ముప్పావు గంటకు తక్కువ కాదని అందరికీ తెలుసు. రోసమ్మగారు చేతిరుమాలు ముందే తీసి పెట్టుకుంది.

హదస్సా తలెత్తి చూస్తే వెనక తలుపు దగ్గర బుచ్చమ్మ, పక్కన అక్సా. ప్రార్థనకు రాలేదు ఆ పిల్ల. కాపలాకు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది.

హదస్సా గొంతు సవరించుకుంది.

"ప్రభువు తల్లి సిలువ దగ్గర నిలబడింది. ఆమె అక్కడ ఒక్క మాటైనా మాట్లాడినట్టు సువార్తలో లేదు. నేను ఇన్నేళ్లు చదివి కూడా అది గమనించలేదు. నేనైతే మాట్లాడేదాన్ని." ఎవరో కిసుక్కున నవ్వారు. "ఒకప్పుడు ఆమె తన బిడ్డ వెంట ఉన్నాడనుకుని, లేకుండానే ఒక రోజు ప్రయాణం చేసింది. తప్పిపోయాడని తెలిసి వెనక్కి తిరిగి వెతుక్కుంటూ వెళ్లింది. ఆ బిడ్డ ఆ తప్పు పట్టుకుని కూర్చోలేదు. చివరి గడియలో, అంత నొప్పిలో, మా అమ్మను చూసుకో అని చెప్పాడు. తప్పు చేయని తల్లులకే దేవుడు తోడుంటాడనుకుంటే మనలో ఎవరికీ తోడుండడమ్మా. నేను కూడా బిడ్డను దారిలో వదిలి చాలా దూరం నడిచాను. వెనక్కి తిరిగాను. వెతుక్కుంటున్నాను. అంతే. వందనాలు."

ఆమె దిగబోయింది. జనం గడియారం చూసుకున్నారు. ఏదో పొరపాటు జరిగిందనే అనుకున్నారు. ముందు వరసలోంచి రోసమ్మగారు గట్టిగానే అంది:

"హదస్సా! సాక్ష్యం మర్చిపోయావమ్మా. పాప సంగతి చెప్పు."

అందరి తలలూ లేచాయి. వెనక తలుపు దగ్గర అక్సా చేతులు కిందికి దించింది. పోవడానికి సిద్ధమైనట్టు బుచ్చమ్మ భుజం పట్టుకుంది.

హదస్సా మళ్లీ మైకు పట్టుకుంది.

"మర్చిపోలేదండి రోసమ్మగారూ. ఆ సాక్ష్యం నాది కాదు. నాది కాని మాట ఒకసారి చెప్పాను, ప్రార్థన పేరుతో. అది తప్పు. మళ్లీ చెప్పను."

జెరెమియా అయ్యగారు "ఆమేన్" అన్నారు. ఆ తర్వాత నాలుగో మాట మొదలైంది. హదస్సా మళ్లీ తలుపు వైపు చూసేసరికి అక్సా అక్కడ లేదు. బుచ్చమ్మ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని చివరి బల్ల మీద కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్సా మాత్ర గదిలోకి తీసుకుపోకుండా అమ్మ ఎదురుగానే వేసుకుంది. నీళ్ల గ్లాసు హదస్సా అందించింది. రోజూ అందించే దానిలాగే అందించింది గాని, లోపల ఆమె చేసిన స్తుతికి కార్ఖానా మొత్తం దద్దరిల్లాలి.

శనివారం సాయంత్రం అక్సా వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "రేపు చర్చికొస్తా. పొద్దున సర్వీస్‌కి లేపు."

ఈస్టర్ నాడు వాళ్ల చర్చిలో చీకటి ఉండగానే ఆరాధన. నాలుగింటికల్లా అక్కడుండాలి. ఆ ఆరాధనలో మొదటి పాట ఎత్తుకునేది ఏటా హదస్సానే. తన పెళ్లయిన ఏడాది నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. కానీ పిల్ల నిద్ర? డాక్టరు మాట చెవిలో గింగిరుమంది. వద్దంటే, తనను రోగిష్టిలా చూస్తున్నారని అక్సా మళ్లీ ముడుచుకుపోతుంది. తనొక్కతే వెళ్తే వదిలేసి పోయారంటుంది. "అలాగేనమ్మా" అంది హదస్సా. తర్వాత ఫోనులో అలారం తీసేసింది. ఫోను ఆపేసింది. గోడ గడియారంలో వేళ దాటిపోతున్నా పిల్లను లేపలేదు. జకర్యాను మాత్రం మునివేళ్ల మీద నడిపించి ఆరాధనకు పంపేసింది.

తెల్లవారాక తొమ్మిది గంటల ఆరాధనకు తల్లీకూతుళ్లు కలిసే వెళ్లారు. గేటు దగ్గరే రోసమ్మగారు పట్టుకుంది.

"ఏమ్మా! ఎంతసేపు చూశాం నీకోసం! పాట ఎత్తుకునేవాళ్లు లేక అయ్యగారే ఎత్తుకున్నారు, శ్రుతి ఎక్కడికో పోయింది. ఏమైంది?"

హదస్సా నాలుక చివరిదాకా వచ్చింది. పాపకు నిద్ర తగ్గకూడదని, డాక్టరు చెప్పాడని. చెబితే ఎంత మంచి తల్లి అంటారు. చెప్పకపోతే బద్ధకస్తురాలు అంటారు.

"మొద్దునిద్ర పట్టేసిందండీ" అంది.

"ఈస్టర్ నాడు నిద్రా! నువ్వా!" అని రోసమ్మగారు తల అడ్డంగా ఊపుకుంటూ లోపలికి పోయింది. సాయంత్రానికి ఈ మాట కాప్రా చేరుతుంది, సందేహం లేదు.

అక్సా మెట్ల దగ్గర ఆగింది. "నువ్వు పడుకోలే. నేను నీళ్లకి లేచినప్పుడు చూసిన. వంటింట్లో కూర్చొని సైలెంట్‌గా పాడుకుంటున్నవ్."

"పాడుకుంటే నీకెలా తెలిసిందే?"

"చెయ్యి తాళం వేస్తుంటే తెల్వదా!" అక్సా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "అమ్మా, పోయిన నెల బస్సులో కడుపులో అట్ల అనిపించింది. రాలే, పోయింది. ఇంకోసారి సుత అయింది. నీకు చెప్పలే."

హదస్సా నోట్లోకి పది ప్రశ్నలు ఒక్కసారిగా తోసుకొచ్చాయి. ఎప్పుడు, ఏ రోజు, పక్కన ఎవరున్నారు, నాకెందుకు చెప్పలేదు. పదింటినీ మింగింది. కూతురి చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

"డాక్టరుగారికి చెప్పాలి కదా. నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెప్తా. నువ్వు పక్కన నిలబడు."

"నిలబడతాను" అంది హదస్సా. ఆమె జీవితంలో ఎవరూ ఆమెకు అంత మంచి పని అప్పగించలేదు.

లోపల పాటలయ్యాయి. సాక్ష్యాలు చెప్పేవాళ్లు రావచ్చని అయ్యగారు అన్నారు. హదస్సా పక్కన ఖాళీ అయింది. చూస్తే అక్సా నడవలో ముందుకు పోతోంది. దేవమ్మగారి చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్లింది.

"అందరికీ ఈస్టర్ శుభాకాంక్షలు" అంది అక్సా మైకులో. "నాకు ఫిట్స్ వస్తది. మీ అందరికీ తెలుసు. కానీ నేను ఎప్పుడూ చెప్పలేదు కదా, అందుకే ఇప్పుడు చెప్తున్నా. మందులు వాడుతున్నా. ఒకవేళ ఇక్కడ వస్తే నన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద ఏదైనా మెత్తగా పెట్టండి, అది పోయేదాకా దగ్గర ఉండండి. ఎంతసేపటికీ ఆగకపోతే హాస్పిటల్‌కి తీసుకుపోండి. దేవమ్మ ఆంటీ, తాళాలు మాత్రం వద్దు. మీ ఇంటికి తాళం ఎవరేస్తరు మళ్ల?"

చర్చి మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా దేవమ్మగారే నవ్వింది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. క్వయర్‌లో ఆ రోజు పక్కకు జరిగిన అమ్మాయి ఈసారి జరిగి చోటు చేసింది.

"భయమైతే ఉంటది" అంది అక్సా. "కానీ దేవుడు నా దగ్గరే ఉన్నడని నాకు తెలుసు. ఇంకో మాట. ఇది మా అమ్మ మీకు చెప్పలేదు. నేనే చెప్పిన."

హదస్సా అప్పటిదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఇక ఆమె వల్ల కాలేదు. కొంగు తీసేసి లేచి నిలబడి, తెల్లవారుజాము నుంచి వంటింట్లో మింగినదంతా కలిపి ఒక్క హల్లెలూయా అంది. కిటికీ అద్దాలు అదిరాయి. గేటు బయట ఆటోలో కునుకు తీస్తున్న డ్రైవరు ఉలిక్కిపడి లేచాడు.

మైకు దగ్గర అక్సా చెవులు మూసుకుని, "అమ్మా! మెల్లగ!" అంది. తర్వాత క్వయర్‌లో తన చోటుకి వెళ్లి పాట ఎత్తుకుంది.